లారీలు తిరిగే కాంక్రీటు యార్డు: జాయింట్లు మానేసి ఇనుము పెంచితే పగుళ్ళు ఆగుతాయా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: గోడౌన్ ముందున్న ఖాళీ స్థలంలో 150 మి.మీ. మందంతో కాంక్రీటు యార్డు వేయిస్తున్నారు. ఒక పక్క సరుకు లారీలు, ఇంకో పక్క కార్ల పార్కింగ్. పాత యార్డు రెండేళ్ళకే బీటలు వారింది. ఇప్పుడు కాంట్రాక్టరు "జాయింట్లు కోస్తే నీళ్ళు దిగుతాయి, చూడ్డానికీ బాగోదు. వాటి బదులు రెండు వరసల మెష్ (ఇనుప వల) వేసి కాంక్రీటు గ్రేడు, అంటే బలం తరగతి, ఎం25 నుంచి ఎం40కి పెంచుదాం, ఒక్క పగులు కూడా రాదు" అంటున్నాడు. ఒప్పుకోవచ్చా, పాత స్లాబు తీయకుండా దాని మీదే వేయొచ్చా అని అడిగారు.

రెండింటికీ ఒప్పుకోవద్దండీ. ఆరుబయట జాయింట్లు లేకుండా పరిచిన కాంక్రీటు పగిలి తీరుతుంది. మనం గీత కోసి చోటు చూపిస్తే అక్కడ తిన్నగా పగులుతుంది, చూపించకపోతే తనకు వీలైన చోట అడ్డదిడ్డంగా పగులుతుంది. తేడా అంతే. ఎం40కీ రెండో మెష్‌కీ పెట్టబోయే డబ్బును కింద మట్టికి, నీటి వాటానికి, లారీలు తిరిగే చోట అదనపు మందానికి మళ్ళించండి. ఇరవై ఏళ్ళకు పైగా గోడౌన్లు, షాపింగ్ కాంప్లెక్సులు, పెట్రోలు బంకుల బయటి పనులు చూస్తున్నాను. కాంక్రీటు బలం చాలక పాడైన యార్డులు నాకు చాలా తక్కువ తగిలాయి. ఎక్కువ భాగం కింద మట్టి వల్లో, నీళ్ళ వల్లో, ఆలస్యంగా కోసిన జాయింట్ల వల్లో పోయినవే.

ముందు పగులు ఎందుకొస్తుందో చూద్దాం. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. పది మీటర్ల పొడవున్న స్లాబు స్వేచ్ఛగా కదలగలిగితే సుమారు 5 మి.మీ. దాకా పొట్టిదవుతుంది. కింద నేల దాన్ని కదలనివ్వదు కాబట్టి లోపల లాగుడు పుడుతుంది, లాగుడు తట్టుకోవడంలో కాంక్రీటు మొదటినుంచీ బలహీనమే. గ్రేడు పెంచితే ఈ లాగుడు తగ్గదు. మామూలుగా గ్రేడు పెంచడమంటే సిమెంటు పెంచడమే, దానితో వేడీ కుంచింపూ కూడా పెరిగే అవకాశం ఉంది. ఎం40తో జాయింట్లు లేకుండా వేసిన స్లాబు ఎం25 కంటే ముందే పగలడం నేను చూశాను.

ఇక మెష్ సంగతి. ఇనుము పగులును ఆపదు. వచ్చిన పగులు విచ్చుకోకుండా పట్టి ఉంచుతుంది. జాయింట్లు లేని కాంక్రీటు రోడ్లు లేవా అంటే ఉన్నాయి, కానీ వాటిలో స్లాబు అడ్డుకోత వైశాల్యంలో 0.6 నుంచి 0.7 శాతం దాకా ఇనుము ఉంటుంది. మీ 150 మి.మీ. స్లాబుకి ఆ లెక్కన 12 మి.మీ. రాడ్లు సుమారు 115 మి.మీ.కొకటి చొప్పున పరవాలి. మామూలు వెల్డెడ్ మెష్ రెండు వరసలు కలిపినా అందులో సగం కూడా రాదు. పైగా అంత ఇనుము వేసిన రోడ్లూ పగులుతాయి, వెంట్రుకంత సన్నగా, దగ్గర దగ్గరగా. అవి అలా పగలాలనే డిజైన్ చేస్తారు.

సైట్లో మెష్ ఎక్కడ ఉంటుందన్నది ఇంకో కథ. డ్రాయింగులో పై నుంచి 50 మి.మీ. కింద ఉంటుంది. పోసేరోజు కవర్ బ్లాకులు (మెష్‌ను ఎత్తి ఉంచే దిమ్మెలు) లేకుండా నేల మీద పరిచేస్తారు, "పోసేటప్పుడు కొక్కెంతో పైకి లాగుతాం సార్" అంటారు. ఒకడు లాగుతుంటాడు, వెనకే నలుగురు తొక్కుతూ పోతారు. ఒక యార్డులో పగిలిన స్లాబుకి కోర్ (గుండ్రటి నమూనా ముక్క) తీయించి చూస్తే మెష్ కాంక్రీటులో కాదు, కింద కంకరలో కూరుకుపోయి ఉంది. యజమాని మాత్రం దానికి పూర్తి బిల్లు కట్టాడు. మెష్ కావాలనుకుంటే ఒకే వరస వేయండి, పై మూడో వంతులో ఉండేలా గట్టి ఇనుప కుర్చీల (మెష్‌ను ఎత్తి పట్టే ఆధారాల) మీద కట్టించండి, జాయింటు వచ్చే చోట తెంపించండి. జాయింట్లు దగ్గరగా ఉంటే అదీ లేకుండా వేసిన యార్డులు నిక్షేపంగా ఉన్నాయి.

మందం సంగతి కాస్త లెక్క వేసి చూడండి. స్లాబు వంపును తట్టుకునే శక్తి మందం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. ఎం25 నుంచి ఎం40కి వెళ్తే ఆ శక్తి సుమారు 26 శాతం పెరుగుతుంది. అదే ఎం25 ఉంచి మందం 150 నుంచి 175 మి.మీ. చేస్తే 36 శాతం, 200 చేస్తే 78 శాతం పెరుగుతుంది. లారీ వైపు 200 మి.మీ. వేయండి. కార్ల వైపు 125 చాలు, ఈ మాట చెబితే కొందరు నొచ్చుకుంటారు గానీ కారు బరువు స్లాబుకి లెక్కే కాదు. 1950ల చివర అమెరికాలో జరిగిన ఆషో రోడ్డు పరీక్షల నుంచి వచ్చిన ఒక మోటు లెక్క ఉంది: రోడ్డుకి జరిగే నష్టం ఇరుసు బరువు నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. ఒక టన్ను ఇరుసుతో పోలిస్తే పది టన్నుల ఇరుసు చేసే నష్టం పది వేల రెట్లు. కాబట్టి మొత్తం స్థలానికి ఒకే మందం వేస్తే ఒక వైపు డబ్బు వృథా, ఇంకో వైపు స్లాబు చాలదు. లారీలు ఏ దారిన వచ్చి ఎక్కడ తిరిగి ఎక్కడ ఆగుతాయో ప్లాను మీద రంగు పెన్సిలుతో గీయించండి. చెత్త తీసుకెళ్ళే లారీ వచ్చే మూలను మర్చిపోవద్దు, ఆ మూల కార్ల పార్కింగ్ వైపే ఉంటుంది చాలాసార్లు. ట్రైలరును ఇంజను నుంచి విడదీసి నిలబెట్టే అలవాటు ఉంటే దాని ముందు కాళ్ళు ఆనే చోటు కూడా గుర్తుపెట్టండి. అంత బరువు రెండు చిన్న ఇనుప పాదాల మీద నిలబడుతుంది.

గ్రేడు విషయంలో ఎం30 లేదా ఎం35, నీరు-సిమెంటు నిష్పత్తి 0.45 దాటకుండా. నీళ్ళు గడ్డకట్టే చలి ప్రాంతమైతే గాలి బుడగలు పుట్టించే అడ్మిక్స్చర్ (కాంక్రీటులో కలిపే రసాయనం) తప్పనిసరి. అంతకు మించి గ్రేడు గురించి టెన్షన్ పడక్కర్లేదు.

అసలు పని కింద ఉంది. కాంక్రీటు గట్టి పదార్థం, అది బరువును చాలా విశాలంగా పరుస్తుంది కాబట్టి కింద మట్టి మరీ బలంగా ఉండనక్కర్లేదు. కానీ అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. ఒక చోట గట్టిగా, పక్కనే మెత్తగా ఉంటే ఆ సరిహద్దు మీద స్లాబు విరుగుతుంది. ఒక కమర్షియల్ కాంప్లెక్సులో స్లాబు మీద తిన్నగా గీత గీసినట్టు పగులు వచ్చింది. కాంట్రాక్టరు సిమెంటు బాగాలేదన్నాడు. పైపుల డ్రాయింగు తెచ్చి పరిచి చూస్తే పగులు సరిగ్గా వాననీటి పైపు కందకం అంచు మీద ఉంది. చుట్టూ రోలరు తిరిగింది, కందకంలో మాత్రం తవ్విన మట్టినే తోసి పైన నీళ్ళు కొట్టి వదిలేశారు. మీ పాత యార్డు పగుళ్ళ ఫొటోలను కింద పైపుల, కేబుళ్ళ డ్రాయింగుతో ఒకసారి పోల్చి చూడండి, సగం జవాబు అక్కడే దొరకొచ్చు.

మట్టిని 150 నుంచి 200 మి.మీ. పొరలుగా, సరైన తేమలో, ప్రోక్టర్ సాంద్రతలో (ఆ మట్టిని ల్యాబులో అణిచి కొలిచిన గరిష్ఠ సాంద్రతలో) 95 శాతానికి తక్కువ కాకుండా అణచాలి. కందకాల్లో రోలరు పట్టదు కాబట్టి చిన్న ర్యామర్‌తో ఇంకా పల్చటి పొరలుగా దిమ్మిస కొట్టాలి. నల్లరేగడి లాంటి ఉబ్బే మట్టి అయితే కొంత లోతు తీసేసి ఉబ్బని మట్టి నింపడమో, సున్నంతో స్థిరపరచడమో చేయాలి. అక్కడ మట్టి పరీక్ష చేయించకుండా ముందుకెళ్ళొద్దు. దాని మీద కంకర-డస్టు మిశ్రమం 150 మి.మీ. వేసి అణిచేస్తే రోలరు పని అయినట్టే.

అక్కడ ఒక పరీక్ష అడగండి. ల్యాబు రిపోర్టు ఉన్నా సరే, నిండా లోడు ఎక్కించిన టిప్పరును మనిషి నడిచే వేగంతో ఆ నేల మీద వరసలు వరసలుగా తిప్పించండి. మీరు పక్కనే నడుస్తూ వెనక చక్రాల దగ్గర కళ్ళు పెట్టండి. చక్రం కింద నేల కుంగి, అది దాటగానే మళ్ళీ పైకి లేస్తోందంటే లోపల తడిగానో మెత్తగానో ఉన్నట్టు. అక్కడ సున్నంతో గుండ్రంగా గీసి, తవ్వి, మార్చి, మళ్ళీ అణిపించాలి. సాంద్రత పరీక్ష చేసేది కొన్ని చోట్లే, టిప్పరు మొత్తం నేలను పరీక్షిస్తుంది. పోసే ముందు మందం చూడ్డం కూడా ఇలాంటిదే: షట్టరింగ్ పలకల మీదుగా దారం బిగించి, మీటరుకో చోట టేపు పెట్టి నేల దాకా కొలవాలి. 200 మి.మీ. అనుకున్న చోట 160 వస్తే అప్పుడైతే పారతో సరిచేయొచ్చు.

నీళ్ళ గురించి. మీ పాత యార్డులో పగుళ్ళ పక్కన, జాయింట్ల పక్కన ఎండిన మట్టి మరకలు ఉన్నాయా? ఉంటే జరిగింది ఇదీ: నీళ్ళు పగుల్లోంచి కిందికి దిగాయి, లారీ ఎక్కినప్పుడల్లా స్లాబు అంచు కిందికి నొక్కుకుని ఆ నీళ్ళను సన్నటి మట్టితో సహా పైకి చిమ్మింది. కొన్నాళ్ళకు అంచు కింద డొల్ల ఏర్పడి మూల విరిగింది. సుత్తితో కొట్టి చూడండి, బోలు శబ్దం వస్తే అదే కారణం. దీన్ని ఎం40 కూడా ఆపలేదు.

వాటం 1.5 శాతం పెట్టండి, అంటే పది మీటర్లకు 150 మి.మీ. ఒక శాతం కంటే తగ్గిస్తే, చేతిపనిలో ఉండే ఎగుడుదిగుళ్ళ వల్ల ఎక్కడో ఒకచోట నీళ్ళు నిలుస్తాయి. చక్రాల కుర్చీ వాడేవాళ్ళ పార్కింగ్ గడిలో ఏ దిక్కునా 2 శాతం దాటనివ్వొద్దు, ర్యాంపు 1:12 కంటే నిటారుగా ఉండొద్దు. వాటం కాంక్రీటు పై ముఖంలో మాత్రమే ఇస్తే ఒక చివర మందం తగ్గిపోతుంది. కింద మట్టికే అదే వాటం రావాలి. గోడౌన్ కప్పు నుంచి వచ్చే గొట్టాలను స్లాబు మీదికి వదలకుండా నేరుగా డ్రైనులో కలపండి.

ఇప్పుడు జాయింట్లు. దూరం మందానికి 24 నుంచి 30 రెట్లు, కానీ 4.5 మీటర్లు దాటొద్దు. కార్ల వైపు 125 మి.మీ.కి మూడు నుంచి మూడున్నర మీటర్లు, లారీల వైపు నాలుగు నుంచి నాలుగున్నర. గళ్ళు వీలైనంత చతురస్రంగా ఉండాలి, పొడవు వెడల్పుకి ఒకటిన్నర రెట్లు దాటితే మధ్యలో తనంతట తనే ఇంకో జాయింటు వేసుకుంటుంది. కోత లోతు మందంలో నాలుగో వంతుకు తగ్గకూడదు, 200కి 50 మి.మీ. పైపైన 20 మి.మీ. గీసి "కోశాం" అనడం చాలాచోట్ల చూస్తాను. అలాంటి గీత పక్కనే, దానికి సమాంతరంగా, అసలు పగులు వచ్చి కూర్చుంటుంది.

లోతు కంటే ముఖ్యం వేళ. పగులు పుట్టేది మొదటి రాత్రే. "రేపు పొద్దున కుర్రాళ్ళొచ్చి కోస్తారు" అన్నారంటే ఎండాకాలంలో అప్పటికే ఆలస్యం అయిపోయి ఉండొచ్చు. మామూలు కట్టరుతో వాతావరణాన్ని బట్టి పోసిన 4 నుంచి 12 గంటల్లోపు కోయాలి. గడియారం కంటే కాంక్రీటునే చూడండి: ఒక అడుగు పొడవు కోసి అంచులు పరిశీలించండి. కంకర రాళ్ళు ఊడి అంచు చిందరవందరగా వస్తే ఇంకా తొందర, కాసేపు ఆగాలి. అంచు శుభ్రంగా వస్తే ఇక ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. ముందుగా మూడు నాలుగు గళ్ళకొక జాయింటు కోసి, ఆ తర్వాత వాటి మధ్యవి కోయాలి. బ్లేడు తెగినా కట్టరు మొరాయించినా పని ఆగకుండా రెండో కట్టరు సైట్లో ఉండాలి. రాత్రి లైట్లు, ఆపరేటరు, రెండో కట్టరు లేకపోతే ఆ రోజు పోత మొదలుపెట్టనివ్వను నేను. ఈ మాట మీద చాలామంది కాంట్రాక్టర్లకు నా మీద కోపం ఉంది.

గోడ, స్తంభం, మ్యాన్‌హోలు, డ్రైను అంచు తగిలే చోట స్లాబును పూర్తిగా విడదీయాలి, పూర్తి లోతుకి 12 మి.మీ. మెత్తటి బోర్డు పెట్టి. చతురస్రపు మ్యాన్‌హోలు మూలల నుంచి ఏటవాలుగా సాగే పగుళ్ళు మీరూ చూసే ఉంటారు. చుట్టూ గుండ్రంగానో, జాయింట్ల గీతలు మూలలకు వచ్చేలా డైమండ్ ఆకారంలోనో వేరుచేస్తే ఆ బెడద తప్పుతుంది. జాయింట్ల ప్లాను గీసేవాళ్ళు మ్యాన్‌హోళ్ళను చూసుకుని గీయాలి గానీ గళ్ళన్నీ సమానంగా గీసి తర్వాత మ్యాన్‌హోలు ఎక్కడుంటే అక్కడ అన్నట్టు ఉండకూడదు.

ఒక రోజు పోత ఆగి మరుసటి రోజు మొదలయ్యే చోట, లారీలు దాటే జాయింట్లలో డోవెల్ రాడ్లు (ఒక గడి మీది బరువును పక్క గడికి అందించే రాడ్లు) పెట్టండి. 200 మి.మీ. స్లాబుకి 25 మి.మీ. నున్నటి రాడ్లు, 450 మి.మీ. పొడవు, 300 మి.మీ.కొకటి, సరిగ్గా మందం మధ్యలో. సగం పొడవుకి గ్రీజు పూయాలి, లేకపోతే రెండు వైపులా పట్టుకుని జాయింటును తాళం వేసినట్టు బిగించేస్తాయి. వంకరగా ఉన్నా అదే ఫలితం. జాయింట్లలోంచి నీళ్ళు దిగుతాయన్న భయం నిజమే, అందుకు మందు సీలెంటు. కోతలోని దుమ్ము ఊది, పూర్తిగా ఆరాక నింపించండి. కొన్నేళ్ళకు ఊడుతుంది, మళ్ళీ నింపించాలి. అడ్డదిడ్డంగా పోయిన పగులును సీల్ చేయడంతో పోలిస్తే తిన్నని జాయింటును సీల్ చేయడం ఎంతో సులువు.

పోసేరోజు మీరు చూడాల్సింది ఒక్కటే అయితే అది ట్రాన్సిట్ మిక్సర్ దగ్గరున్న నీళ్ళ గొట్టం. ఘనమీటరుకి 380 కిలోల సిమెంటు, 0.45 నిష్పత్తి అంటే నీళ్ళు 171 లీటర్లు. ఆరు ఘనమీటర్ల మిక్సర్లో డ్రైవరు "కాస్త జారుడుగా ఉంటే తొందరగా అవుతుంది" అని 120 లీటర్లు కొట్టాడంటే నిష్పత్తి 0.50కి చేరింది. బలం తగ్గింది, కుంచింపు పెరిగింది, పై ముఖానికి సిమెంటు పాలు తేలి ఏడాదిలో పొట్టు లేస్తుంది. అంత జరిగినా క్యూబు పరీక్షలో (కాంక్రీటు దిమ్మెలను నొక్కి బలం చూసే పరీక్షలో) పట్టుబడదు, ఎందుకంటే క్యూబులు నీళ్ళు కొట్టకముందే నింపేసి ఉంటారు. జారుడు కావాలంటే ప్లాంటులోనే ప్లాస్టిసైజరు (నీళ్ళు పెంచకుండా జారుడు తెచ్చే రసాయనం) వేయించాలి. క్యూబులు మిక్సర్ మధ్య భాగం నుంచి, అడ్మిక్స్చర్లు అన్నీ కలిశాక తీయించండి.

ఫినిషింగులో పైకి తేలిన నీళ్ళు ఆరకముందే తాపీ పట్టనివ్వొద్దు, ఆ తడి మీద పొడి సిమెంటు చల్లడం అసలే వద్దు. బయట యార్డుకి నున్నటి గచ్చు పనికిరాదు. చీపురు గీతలు చాలు, బండ్లు పోయే దిశకు అడ్డంగా. గాలి బలంగా వీచే రోజు, ఎండ తోడైతే, గంటకు చదరపు మీటరు నుంచి ఒక కిలో నీరు ఆవిరయ్యే పరిస్థితి వస్తే కాంక్రీటు ఇంకా పచ్చిగా ఉండగానే సన్నటి నెర్రెలు పడతాయి. అలాంటప్పుడు తెల్లవారుజామున మొదలుపెట్టండి, కింద కంకరను ముందే తడిపించండి, గాలికి అడ్డుగా పరదాలు కట్టించండి.

క్యూరింగుకి స్లాబు మీద మళ్ళు కట్టి నీళ్ళు నింపడం ఇక్కడ కుదరదు, వాటం ఉంది కాబట్టి నీళ్ళన్నీ ఒక మూలకు చేరతాయి, పై మూల ఎండిపోతుంది. తడి మెరుపు పోగానే తెల్లరంగు క్యూరింగ్ కాంపౌండ్, లీటరుకు సుమారు ఐదు చదరపు మీటర్ల చొప్పున చల్లించండి. లేదా గోనెపట్టాలు పరిచి ఏడు రోజులు తడి ఆరనివ్వకుండా చూడండి. పట్టాలు మధ్యాహ్నానికి ఎండి, సాయంత్రం మళ్ళీ తడిపితే అది క్యూరింగ్ కిందికి రాదు.

పాత స్లాబు మీదే వేసే ఆలోచన గురించి: పల్చటి పొరను అంటించి వేస్తే కింది పగులు ఉన్నచోటే పైనా పగులుతుంది. కింద డొల్ల ఉన్న స్లాబు మీద ఎంత మందం వేసినా అది ఊగుతూనే ఉంటుంది. మీది రెండేళ్ళకే పోయిందంటే కారణం కిందే ఉండి ఉంటుంది, కాబట్టి పగలగొట్టి తీయించండి. ఆ ముక్కలను క్రషర్లో ఆడించి, ఇనుము ఏరేసి, గ్రేడింగు సరిచూసుకుంటే కింది పొరకు కంకరగా వాడుకోవచ్చు, కొంత ఖర్చు కలిసొస్తుంది.

వర్క్ ఆర్డరులో మందం ఎక్కడెంత, జాయింట్ల ప్లాను, కోత లోతు, కోత పూర్తి కావాల్సిన వేళ, టిప్పరు పరీక్ష, సైట్లో నీళ్ళు కలపకూడదన్న షరతు రాయించండి. చివరి బిల్లులో కొంత భాగాన్ని మొదటి వానలో నీళ్ళు ఎక్కడా నిలవలేదని చూసుకునే దాకా ఆపండి. కార్లను ఏడు రోజుల తర్వాత వదలొచ్చు. లారీలకు మాత్రం 28 రోజులు ఆగాలి, తొందర ఉంటే స్లాబు పక్కనే, దానితోపాటే క్యూరింగ్ చేసిన క్యూబులు డిజైన్ బలాన్ని అందుకున్నాకే గేటు తీయండి. ఆ రోజుల్లో మిగిలిన పనికి కంకర తెచ్చే టిప్పర్లు కొత్త స్లాబు మీద అడ్డదారిన పోకుండా అడ్డంగా ఏదైనా పెట్టించండి, కస్టమర్ల లారీల కంటే ముందు స్లాబును విరిచేవి అవే.